పాత మ్యాపుల్లో రైలు కట్ట: మీ కాలనీ వెనకున్నది నిజంగా రైలుదేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మల్కాజిగిరికీ మౌలాలికీ మధ్య మీ కాలనీ వెనక మూడు నాలుగు వందల మీటర్ల పొడవున ఒక మట్టి కట్ట ఉంది. మీ తాతగారు దాన్ని రైలు కట్ట అనేవారు. గూగుల్ మ్యాపులో అక్కడ గీత కూడా లేదు. పాత మ్యాపులు చూసి అది రైలుదో కాదో ఎలా తేల్చుకోవాలని అడిగారు. నేను సర్వే పనిలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యాను. ఇలాంటి కట్టల వెంట నడవడం నాకు ఉద్యోగం కంటే పాత అలవాటు. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మ్యాపుతో మొదలుపెట్టకండి. ముందు ఆ కట్ట కింద నుంచి నీళ్లు ఎక్కడ దాటుతున్నాయో చూడండి.

ఎందుకంటే లైను మూసేశాక అన్నీ పోతాయి. పట్టాలు, స్లీపర్లు రైల్వే వాళ్లే ఎత్తుకుపోతారు. కంకర చుట్టుపక్కల ఇళ్ల పునాదుల్లోకి పోతుంది. కట్ట మట్టిని ప్లాట్లు చదును చేసుకోవడానికి ట్రాక్టర్లతో తోలుకుంటారు. కట్ట కింద నీళ్లు పోవడానికి కట్టిన తూమును (కల్వర్టును) మాత్రం ఎవరూ ముట్టరు. దాన్ని పూడిస్తే మొదటి వానకే వెనక వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. అందుకే కట్ట పోయినా తూము మిగులుతుంది. దాని మీద సిమెంటు రోడ్డు పడుతుంది, పక్కన ఇస్త్రీ బండి వెలుస్తుంది, కింద రాయి కట్టడం అలాగే ఉంటుంది.

నగరానికి ఉత్తరం వైపు ఒక కాలనీలో నేను చూసిన తూము గురించి చెబుతాను. మీదున్న వీధి వెడల్పు పన్నెండు అడుగులే. కింద ఆర్చి మాత్రం ఇరవై అడుగులకు పైగా లోపలికి పోయింది. పన్నెండడుగుల సందు కోసం అంత తూము ఎవరూ కట్టరు. రాళ్లన్నీ చెక్కిన గ్రానైటు, అతుకుల్లో సున్నం. పారపెట్ (తూము పైన పక్క గోడ) రాయి మీద ఏళ్ల తరబడి వేసిన సున్నం పొరలు. తడిగుడ్డతో తుడిచి, సాయంత్రం పూట టార్చిని రాయికి ఆనించి పక్కనుంచి వెలుగు వేస్తే, ఒక అంకె లేచి కనిపించింది: 7. రైల్వేలో ప్రతి వంతెనకూ, ప్రతి తూముకూ వరస నంబరు ఉంటుంది. ఏడు దొరికిందంటే అటో ఇటో ఆరు, ఎనిమిది ఉండాలి. ఎనిమిదో తూము అక్కడికి అర కిలోమీటరు దూరంలో, ఒక మెకానిక్ షెడ్డు వెనక, ముళ్లకంపలో దొరికింది. రెండు తూములు దొరికితే మీ చేతిలో ఒక దిశ ఉన్నట్టే. మ్యాపు తెరవాల్సింది అప్పుడు.

హైదరాబాదులో ఎలాంటి లైన్లు మూతపడ్డాయో ముందు తెలుసుకోవాలి, లేకపోతే లేనిదాని కోసం వెతుకుతాం. వాడి నుంచి సికింద్రాబాదుకు మొదటి లైను 1874లో వచ్చింది. 1889 నాటికి తూర్పున బెజవాడ దాకా కలిసింది. ఇవి బ్రాడ్ గేజ్, అంటే పట్టాల మధ్య దూరం ఎక్కువున్నవి. మన్మాడ్ వైపు మీటర్ గేజ్ (పట్టాల మధ్య ఒక మీటరు) 1900 ప్రాంతంలో వచ్చింది, దక్షిణాన గద్వాల వైపు మీటర్ గేజ్ 1916లో. కాచిగూడ స్టేషన్ భవనం ఆ కాలానిదే. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను నేరుగా తన చేతిలోకి తీసుకుంది, 1951లో అది భారత రైల్వేల్లో కలిసింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఈ పెద్ద లైన్లు ఏవీ నగరంలో చచ్చిపోలేదు. మీటర్ గేజ్ తీసేసి అదే దారిలో బ్రాడ్ గేజ్ వేశారు. మీ మల్కాజిగిరి మీదుగా నిజామాబాదు పోయే లైను కూడా అలా మారిందే.

కాబట్టి మీ కట్ట రైలుదే అయితే రెండింట్లో ఒకటి కావడానికే ఎక్కువ అవకాశం. మొదటిది, గేజ్ మార్చినప్పుడు వంపు సరిచేసి వదిలేసిన పాత ముక్క. ఇది ఇప్పటి లైను పక్కనే పుట్టి, కొంత దూరం విడిగా నడిచి, మళ్లీ అందులోనే కలుస్తుంది. రెండోది సైడింగ్. ఫ్యాక్టరీకో, గోదాముకో, కంటోన్మెంటుకో, కంకర క్వారీకో వేసిన చిన్న పాయ. ఇది మెయిన్ లైను నుంచి విడిపోయి ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది, మళ్లీ కలవదు. మీ కట్ట రెండు చివరలూ ఏ వైపు చూస్తున్నాయో గమనిస్తే సగం జవాబు అక్కడే ఉంది.

ఇప్పుడు మ్యాపులు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో (ఎత్తుపల్లాలు, దారులు, కట్టలు చూపే మ్యాపులు) మన నగరం 56కె అనే షీటు కిందికి వస్తుంది, అంటే 78 నుంచి 79 డిగ్రీల రేఖాంశం, 17 నుంచి 18 డిగ్రీల అక్షాంశం. దాన్ని పదహారు ముక్కలు చేస్తారు. చార్మినార్ 56కె/7లో ఉంటుంది, మౌలాలి, మల్కాజిగిరి 56కె/11లో, బొల్లారం 56కె/10లో. ఏడుకూ పదకొండుకూ మధ్య హద్దు 78 డిగ్రీల 30 నిమిషాల రేఖ. అది సికింద్రాబాద్ స్టేషన్‌ను దాదాపు ఆనుకునే పోతుంది. కొత్తవాళ్లు ఒక్క షీటే తెచ్చుకుని, స్టేషన్ దగ్గర గీత ఆగిపోయిందనుకుని బెంగపడటం చాలాసార్లు చూశాను. పక్క షీటు కూడా తెచ్చుకోండి. ఇప్పటి షీట్లు సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో ఉచితంగా దింపుకోవచ్చు. పాతవాటి కోసం విదేశీ విశ్వవిద్యాలయాల లైబ్రరీలు స్కాన్ చేసి పెట్టిన కాపీలు వెతకండి. అమెరికా సైన్యం 1950ల్లో వేసిన యు502 అనే వరస కూడా నెట్‌లో దొరుకుతుంది. కానీ అది రెండున్నర లక్షల స్కేలు, సైడింగులకు పనికిరాదు.

స్కేలు గురించి ఇంకొంచెం చెప్పాలి. పాత అంగుళానికి మైలు షీటు మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద సుమారు 63 మీటర్లు. తర్వాతి యాభై వేల స్కేలులో 50 మీటర్లు. రైలు గీత మందమే అర మిల్లీమీటరు ఉంటుంది. అంటే మ్యాపు మీద గీత మీ ఇంటి మీదుగా పోయినట్టు కనబడినా, అసలు కట్ట పక్క వీధిలో ఉండొచ్చు. మ్యాపు మీకు ఏ దిక్కున వెతకాలో చెబుతుంది, అంతకన్నా ఎక్కువ అడగకూడదు.

షీటు అంచున రాసిన తేదీలు తప్పకుండా చదవండి. ముద్రణ సంవత్సరం వేరు, సర్వే సంవత్సరం వేరు. ముద్రణ తేదీ చూసి "అప్పటికి సైడింగ్ ఉంది" అనేస్తే తప్పు. సర్వే పార్టీ నేల మీద నడిచిన ఏడాదే లెక్క. ఆ ఏడాదికి పదేళ్ల తర్వాత అచ్చయినా గీత పాతదే. సూచిక పట్టీ కూడా చూడండి. బ్రాడ్ గేజ్‌కు ఒక రకం గీత, మిగతా గేజ్‌లకు ఇంకో రకం, ట్రాలీ లైన్లకు మరొకటి ఉంటుంది. ఎడిషన్‌ను బట్టి ఈ గుర్తులు మారతాయి కాబట్టి నా మాట మీద కాకుండా ఆ షీటు సూచిక మీదే ఆధారపడండి.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. పట్టాలు తీసేశాక వచ్చిన షీటులో రైలు గీత మాయమవుతుంది కానీ కట్ట మిగులుతుంది. కట్టను రెండు వైపులా చిన్న చిన్న గీతలతో చూపిస్తారు, పక్కన "3r" లాంటి అంకె నల్లగా రాసి ఉంటుంది. అంటే చుట్టూ ఉన్న నేల కంటే ఆ కట్ట మూడు మీటర్లు ఎత్తు అని. ఫుట్ల కాలపు షీటులో అయితే అది అడుగుల్లో. రైలు గీత లేకుండా, పొలాల మధ్యలో, చెరువుతో సంబంధం లేకుండా పోతున్న కట్ట గుర్తు కనిపిస్తే నాకు గుండె వేగం పెరుగుతుంది. రెండు ఎడిషన్లను పక్కపక్కన పెట్టి చూసే శ్రమంతా దీని కోసమే.

1905కు ముందు షీట్లు మీ చేతికొస్తే ఒక జాగ్రత్త. అప్పట్లో సర్వే వాళ్లు వాడిన మద్రాసు రేఖాంశం విలువలో తేడా ఉండేది. ఆ మ్యాపుల్లోని రేఖాంశం నుంచి సుమారు 2 నిమిషాల 27 సెకన్లు తీసేయాలి. మన అక్షాంశం దగ్గర అది నాలుగు కిలోమీటర్లకు పైనే. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో అంచు మీది అంకెలు నమ్మి మ్యాపును కూర్చోబెడితే మౌలాలి దర్గా గుట్ట ఎక్కడికో జరిగిపోతుంది. అందుకే నేను అంచు అంకెలను అసలు వాడను. ఆనాడూ ఈనాడూ కదలనివి పట్టుకుంటాను. మౌలాలి గుట్ట శిఖరం, చెరువు కట్టల మూలలు, పాత స్టేషన్ భవనాలు, గుడి, దర్గా. కనీసం ఎనిమిది గుర్తులు తీసుకోండి, అవి షీటంతా పరచుకుని ఉండాలి. అన్నీ ఒక మూలనే ఉంటే మిగతా భాగం సాగిపోతుంది.

మ్యాపుల కంటే నేను ఎక్కువగా నమ్మేది రెవెన్యూ నక్షాను, అంటే ఊరి పొలాల హద్దులు చూపే పటాన్ని. ఈ మాట రైలు అభిమానులకు కొత్తగా ఉండొచ్చు కానీ, మన తెలంగాణలో ఇది గని. రైలు కోసం భూమి తీసుకుంటే పొలాలు రెండుగా చీలుతాయి. గ్రామ నక్షాలో ఒక సన్నటి పట్టీ, దానికి అటో ముక్క ఇటో ముక్క, రెండింటికీ ఒకటే సర్వే నంబరు, బై నంబర్లు (ఉప నంబర్లు) మాత్రం వేరు. అలా వరసగా అయిదారు సర్వే నంబర్లు ఒకే ఏటవాలులో తెగి ఉంటే అక్కడ ఏదో సన్నటి పొడుగాటి వస్తువు పోయిందని అర్థం. టిప్పన్ (ఒక్కో సర్వే నంబరు కొలతల చిత్రం) దొరికితే గొలుసు కొలతలు కూడా ఉంటాయి, పట్టీ వెడల్పు తేలుతుంది. సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ అనే పాత భూమి రిజిస్టర్లలో ఆ పట్టీ ఎవరి పేరున ఉందో చూడండి. పాత కాగితాల్లో ఏడాది ఫస్లీలో (అప్పటి రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటుంది, దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, ఒక ఏడాది అటూ ఇటూ. నిజాం కాలపు ఫైళ్లు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చాలావరకు ఉర్దూ, పర్షియన్. ఉర్దూ చదవగలిగిన పెద్దవారిని వెంట తీసుకెళ్లండి, ఒక్కరోజులో వారం పని అవుతుంది.

ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో నాకు బాగా ఉపయోగపడినవి కరోనా అనే పేరున్న ఉపగ్రహాల ఫొటోలు. ఈ అమెరికా గూఢచారి ఉపగ్రహాలు 1960 నుంచి 1972 దాకా తీసిన ఫిల్మును 1995లో బయటపెట్టారు. అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌జీఎస్ వెబ్‌సైటు ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో వెతకొచ్చు. ఇప్పటికే స్కాన్ అయినవి ఉచితం, మిగతావాటికి డబ్బు కట్టాలి. చివరి కెమెరాల ఫొటోల్లో సుమారు రెండు మీటర్ల వస్తువు కూడా తెలుస్తుంది. మీ కాలనీ పుట్టకముందు, చుట్టూ జొన్న చేలూ తాటిచెట్లూ ఉన్న కాలం అది. తెలుపు నలుపులో కట్ట నీడ సన్నటి దారంలా పడి ఉంటుంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఫొటోల స్లయిడర్ ఉంది కానీ, నగరం చుట్టూ 2000 తర్వాతివే వాడుకునేలా ఉంటాయి, అప్పటికే ఇళ్లు కమ్మేశాయి. అయినా చూడండి. ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల ఫొటోలు. గడ్డి ఎండిపోయినప్పుడే నేల ఒంపు బయటపడుతుంది.

ఫొటోలో ఇంకొకటి గమనించండి. ప్లాట్ల హద్దులు. కాలనీ అంతా నిలువూ అడ్డమూ గీతల్లో ఉండి, ఒకచోట మాత్రం పది పన్నెండు ఇళ్ల వెనక గోడలు కలిసి ఒక పెద్ద మెత్తటి వంపులా తిరిగితే, ఆ వంపు ఎవరో గీసింది కాదు. మూలల్లో త్రికోణపు బిట్లు మిగిలి ఉంటాయి, అమ్ముడుపోక ఖాళీగానో, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడానికో. రైలు ఒక్కసారిగా తిరగలేదు, ఒక్కసారిగా ఎక్కలేదు. ఆ నిదానం ఇళ్ల గోడల్లో మిగిలిపోతుంది.

రైలు కట్టలా కనిపించి రైలు కానివి మన ఊళ్లో చాలా ఉన్నాయి. నేనే ఒకసారి మోసపోయాను. నగరం పడమర వైపు ఒక కట్ట వెంట రెండు ఆదివారాలు నడిచి, పక్కా సైడింగ్ అని నోట్సు రాసుకున్నాను. అది గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌కు నీళ్లు తెచ్చే కాలువ, పైన కప్పు వేసి ఉంది. నీళ్లు వాలు పట్టుకునే పోవాలి కాబట్టి అది కూడా రైలులాగే నిదానంగా దిగుతుంది. తేడా వంపుల్లో ఉంది. గుట్ట అడ్డొస్తే నీళ్ల కాలువ దాని చుట్టూ తిరిగిపోతుంది. రైలు గుట్టను కోసి, పల్లాన్ని పూడ్చి, తిన్నగా పోవాలని చూస్తుంది. ఒకవైపు కటింగు, వెంటనే కట్ట, మళ్లీ కటింగు, ఇలా ఉంటే రైలు. మంజీరా పైపులైను రోడ్లు కూడా కళ్లను మోసం చేస్తాయి. కానీ పైపుకు ఎత్తు పల్లాలతో పని లేదు, నేల ఎలా ఉంటే అలా ఎక్కి దిగుతుంది. ఇక చెరువు కట్ట: మీవైపు కుంటలు చాలా ఉండేవి కాబట్టి దీన్ని గట్టిగా అనుమానించండి. చెరువు కట్ట మధ్యలో ఎత్తు, రెండు చివరలా నేలలో కలిసిపోతుంది, ఒక వైపు రాతి పేర్పు ఉంటుంది. మీ కట్ట రెండు వైపులా ఒకేలా మట్టి వాలుతో ఉందా? పైన సమంగా ఉందా? ఇది ఇవాళ సాయంత్రమే చూసి చెప్పగలరు.

మనుషులను అడగడం గురించి. "ఇక్కడ రైలు ఉండేదా?" అని అడిగితే అందరూ ఉండేదనే అంటారు, దూరంగా ఉన్న మెయిన్ లైను గుర్తుకొచ్చి. "ఇక్కడ గేటు ఉండేదా? గేటు వేసే మనిషి ఎక్కడ ఉండేవాడు?" అని అడగండి. గేటు దగ్గర ఎండలో నిలబడ్డది మనుషులు మరిచిపోరు. ఉర్దూ మాట్లాడే పెద్దవాళ్లను పట్రీ గురించి అడగండి, రైలు పట్టాలకు వాళ్ల మాట అదే. బర్రెలు మేపినవాళ్లు, చాకిరేవుకు పోయినవాళ్లు చెప్పినంత కచ్చితంగా ఇంజినీర్లు కూడా చెప్పలేరు. ఒక పెద్దమ్మ నన్ను చేయి పట్టుకుని తన ఇంటి వెనకకు తీసుకెళ్లి గేదెను కట్టే గుంజ చూపించింది. అది రైలు పట్టా ముక్క. మసి, పేడ గీకితే పక్క భాగంలో ఉబ్బెత్తు అక్షరాలు, బరువు, సంవత్సరం కనిపించాయి. పట్టా మీది సంవత్సరాన్ని లైను వయసుగా తీసుకోకండి, మెయిన్ లైనులో అరిగిన పట్టాలనే సైడింగుల్లో వేసేవారు. ఆ పట్టా అక్కడ పడింది ఆ ఏడాదికి ముందు కాదని మాత్రం అనుకోవచ్చు.

మీరు మ్యాపు, టేపు పట్టుకుని వీధిలో తిరిగితే ఇళ్లవాళ్లకు టెన్షన్ వస్తుంది. భూమి గొడవ కోసం వచ్చారనుకుంటారు, అందులో వాళ్ల తప్పు లేదు. ముందే చెప్పండి, మీది చరిత్ర ఆసక్తి అని. పాత మ్యాపులో గీత ఉన్నంత మాత్రాన ఈరోజు ఆ స్థలం ఎవరిదన్నది తేలదు, అది కూడా చెప్పండి. కట్ట ఎక్కడైనా నడుస్తున్న లైనులో కలిస్తే అక్కడే ఆగిపోండి. రైల్వే హద్దులోకి అనుమతి లేకుండా పోవడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ప్రాణానికీ ప్రమాదం. కంటోన్మెంటు వైపు కెమెరా బయటికి తీయకండి.

కళ్లకు అలవాటు కావాలంటే తెలిసిన లైను మీద సాధన చేయండి. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధం కోసం 1940లో పట్టాలు పీకేశారు, 2004లో మళ్లీ వేశారు. అరవై ఏళ్లు పట్టాల్లేని లైను. మధ్య కాలపు షీట్లలో అది ఎలా కనిపిస్తుందో, ఇప్పటి లైనుతో ఎక్కడ సరిపోతుందో పోల్చి చూడండి. జవాబు ముందే తెలిసిన లెక్క కాబట్టి మీ పొరపాట్లు మీకే తెలుస్తాయి.

ఇక మీ కట్ట సంగతి. వాన మొదలైతే ముళ్లపొదలు కమ్మేస్తాయి, పాములూ ఉంటాయి, కాబట్టి జూన్‌కు ముందే వెళ్లండి. కట్ట పై వెడల్పు మూడు చోట్ల కొలవండి. నీళ్లు దాటే ప్రతి చోటా ఆగి కిందికి వంగి చూడండి. తూము ఉంటే దాని లోపలి పొడవు, రాయి రకం, ఏదైనా అంకె ఉంటే దాని ఫొటో, పక్కన టేపు పెట్టి తీయండి. కట్ట రెండు చివరల దగ్గర నిలబడి అది చూస్తున్న దిక్కును ఫోన్ దిక్సూచితో రాసుకోండి. ఈ నాలుగూ ఇక్కడ పెడితే, నా దగ్గరున్న 56కె/11 షీట్ల మీద గీసి, ఎక్కడ సరిపోతుందో చెబుతాను.